ఉపన్యాసమే వృత్తిగా పెట్టుకున్న తమ్ముడికి

తమ్ముడూ,

కాలేజీల నుంచి పిలుపులు తగ్గాయని, పిలిచినా పారితోషికం పెంచట్లేదని, ఈ వృత్తి ఇక నడవదేమోనని టెన్షన్ పడుతూ రాశావు. నడుస్తుంది. కానీ 2019లో నడిచినట్టు నడవదు. అప్పట్లో విజయవాడ చుట్టుపక్కల ఏ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లినా, కొత్తగా చేరిన పిల్లల్ని ఆడిటోరియంలో కూర్చోబెట్టి లక్ష్యం, పట్టుదల, విజయం అని రెండు గంటలు ఉత్సాహంగా చెప్తే సరిపోయేది. 2020 లాక్‌డౌన్‌లో సభలన్నీ ఆగిపోయి మనమంతా జూమ్‌లోకి వెళ్లాం, మంచి మాటలు ఇంట్లో కూర్చుని ఫోన్లో ఉచితంగా వినడం జనానికి అలవాటైపోయింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ కూడా వచ్చాక, నువ్వు చెప్పబోయే విజయగాథను ఆ పిల్లాడు నువ్వు మైకు పట్టుకోకముందే చదివేయగలడు. అందరికీ పనికొచ్చే మాటకి ఇవాళ ఎవరూ డబ్బివ్వరు. ఎదురుగా కూర్చున్న ఆ యాభై మందికే పనికొచ్చే మాటకైతే ఇస్తారు.

ఇది మన గుంటూరు జిల్లాకి కొత్త విషయం కాదు. పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథతో 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారినే తీసుకో. బుర్రకథలో మధ్యన కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు ఉంటారు కదా. ఆ రాజకీయం వంత పనే అది, వీరగాథ నడుస్తుండగా మధ్యలో అడ్డుపడి ఇవాళ్టి ధరల సంగతి, ఊరి సంగతి ఎత్తడం. నాజర్ గారు ప్రజానాట్యమండలి అనే వామపక్ష కళాకారుల సంఘంతో తిరిగిన రోజుల్లో బెంగాల్ కరువు మీద కూడా కథ చెప్పారు. తంబురా, డక్కీలు పాతవే, విషయం మాత్రం వింటున్నవాళ్ల కాలంలోంచి తీసుకున్నారు. నీ ప్రసంగంలో ఆ రాజకీయం వంత ఎక్కడుందో ఒకసారి వెతుక్కో.

అందుకే ముందు ఒక్క రకం శ్రోతల్ని ఎంచుకో. విజయవాడ ఆటోనగర్‌లో తండ్రి షెడ్డు అందుకున్న కొడుకులు ఉన్నారు, అక్కడే వస్త్రలతలో హోల్‌సేల్ బట్టల షాపుల వాళ్లు ఉన్నారు, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారుల దగ్గర పనిచేసే గుమస్తాలు ఉన్నారు (సీజన్లో మాత్రం వాళ్ల దగ్గరికి వెళ్లకు, నీళ్లు తాగడానికి కూడా తీరిక ఉండదు). ప్రోగ్రామ్ ఒప్పుకున్నాక, మాట్లాడే రోజు కంటే ముందే అక్కడికి వెళ్లి కాసేపు కూర్చో. కస్టమర్ దేనికి కోప్పడి వెళ్లిపోయాడు, అరువు అడిగితే ఏం చెప్తున్నారు, పెద్దాయనకి, కొడుక్కి ఎక్కడ మాట పడట్లేదు, ఇవి అడుగు. వాళ్ల పేర్లు బయటపెట్టకుండా ఆ సంఘటనలే నీ ప్రసంగంలోకి తీసుకురా. హాల్లో ఒక్కడు కూడా ఫోన్ తియ్యడు, చూడు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, మైకు పట్టుకున్న గంట కంటే కూడా.

ఒక్క సభకి ఒప్పుకుని వచ్చేయడం మానేయ్. ఎదురుగా ఒక సభ, పదిహేను రోజుల తర్వాత ఆన్‌లైన్‌లో ముప్పావు గంట, ఇంకో నెలకి మళ్లీ వెళ్లి ఏం మారిందో కనుక్కోవడం, ఈ మూడూ కలిపి ఒకే ధర చెప్పు. ఆన్‌లైన్‌లో అంతకు మించి సాగదీయకు, సగం సమయం వాళ్లనే మాట్లాడనివ్వు. కాలేజీ అయితే ఏం చెప్పావో, ఎంతమంది వచ్చారో, పిల్లలు ఏం అడిగారో రెండు పేజీల్లో రాసివ్వు. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ సంస్థకి చూపించే ఫైళ్లకి వాళ్లకి అలాంటి కాగితం కావాలి, అది ఇచ్చేవాణ్ణి మళ్లీ పిలుస్తారు.

యూట్యూబ్ పెట్టు, కానీ ప్రకటనల డబ్బు మీద ఇల్లు గడుస్తుందనుకోకు. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉంటేగానీ ఆ ప్రకటనల్లో వాటాకి అర్హతే రాదు. నిన్ను పిలవాలనుకున్నవాళ్లు ముందు నీ గొంతు వినడానికి అది పనికొస్తుంది. రెండు మూడు నిమిషాల ముక్కలు చాలు, మన కృష్ణా, గుంటూరు యాసలోనే మాట్లాడు, ఎవరి గొంతో తెచ్చిపెట్టుకోకు.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా ముందే మాట్లాడు. సగం అడ్వాన్స్, మిగతాది అదే రోజు. కంపెనీలు పన్ను కింద టీడీఎస్ పట్టుకుంటే రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకో, ఏడాది రాబడి 20 లక్షలు దాటేలా ఉంటే జీఎస్టీ గురించి ఆడిటర్‌ని ముందే కలువు. ఇంకొకటి, నీ ప్రసంగం రికార్డు చేసి వాళ్ల ఛానల్లో మొత్తం పెట్టేస్తే పక్క కాలేజీ నిన్నెందుకు పిలుస్తుంది? ఎన్ని నిమిషాలు పెట్టుకోవచ్చో ఒప్పుకునేటప్పుడే వాట్సాప్‌లో అయినా సరే రాయించుకో. వచ్చే నెల ప్రోగ్రామ్‌కి ముందు నువ్వు వాళ్లని అడగబోయే ప్రశ్నలు రాసి నాకు పంపు, చూసి చెప్తాను.

మీ అక్క
బ్రాడీపేట, గుంటూరు