జెనీవా ట్రిప్పుకి ఎమర్జెన్సీ ఫండ్ తీయొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. నెలకు 1.3 లక్షలు చేతికొస్తాయి. అద్దె, ఇంటి ఖర్చులు 75 వేలు, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేవి) 20 వేలు. ఎమర్జెన్సీ ఫండ్ 2.8 లక్షలుంది. మూడు నెలల్లో మా మొదటి పెళ్లిరోజు. జెనీవాలో నాలుగు రాత్రులు గడపాలని ఆశ. ఫండ్ తీయాలా, ఈఎంఐలో ప్యాకేజీ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దండీ. అలాగని ట్రిప్పూ మానుకోవద్దు. పది నెలలు ఆగి వెళ్లండి. మీ ఫండ్ ఇప్పటికే నాలుగు నెలల ఇంటి ఖర్చుకి చాలదు. ఈఎంఐ పెట్టుకుంటే, వచ్చాక ఏడాదిపాటు మీ పొదుపంతా దానికే పోతుంది.

లెక్క ఫ్రాంకుల్లో వేసుకోండి. పదేళ్ల కిందట 70 రూపాయల దరిదాపుల్లో ఉన్న స్విస్ ఫ్రాంక్ ఇప్పుడు వంద దాటేసింది. బడ్జెట్‌కి 120 అనుకుందాం. హోటల్ రాత్రికి 180 చొప్పున 720, తిండికి 300, సరస్సు ఒడ్డున ఉన్న మాంట్రో ఊరు వెళ్లి షియాన్ కోట చూసి రావడానికి 180. మొత్తం 1,200 ఫ్రాంకులు, అంటే 1.44 లక్షలు. ఇద్దరికీ విమానం 1.3 లక్షలు, వీసా, ఇన్సూరెన్స్ 27 వేలు అనుకుందాం. చేతిలో మరో 30 వేలు ఉంచుకుంటే దాదాపు 3.3 లక్షలు. బ్యాంకులో నెలకు 33 వేల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి, సిప్‌లు ఆపకుండానే సరిపోతుంది. తిరిగొచ్చాక అదే 33 వేలు ఫండ్‌లోకి మళ్లించి, ఆరు నెలల ఖర్చుకి సరిపడా పెంచండి.

ఊళ్లో తిరగడానికి నేను పైసా వేయలేదు, గమనించారా? జెనీవాలో హోటల్లో దిగినవాళ్లకి ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఉచితం. బస్సులు, ట్రాములు, సరస్సు దాటించే చిన్న పసుపు పడవలు అన్నీ దాంట్లోనే. అక్కడి హోటళ్లకు ఆఫీసు పనులమీద వచ్చేవాళ్ల గిరాకీ ఎక్కువ, వారాంతాల్లో అది తగ్గుతుంది, అందుకే వారాంతం కలిసొచ్చేలా తేదీలు చూసుకోండి. ఒక పూట మిగ్రో లాంటి సూపర్‌మార్కెట్‌లో కొనుక్కుని సరస్సు ఒడ్డున తినొచ్చు. వీధి ఫౌంటెన్లలో, తాగకూడదని బోర్డు లేనిచోట, నీళ్లు నిక్షేపంగా పట్టుకోవచ్చు.

స్విట్జర్లాండ్‌కి కావాల్సిన షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు ఒకటే వీసా) ఫీజు మనిషికి 90 యూరోలు, తిరస్కరించినా వెనక్కి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న బుకింగులే చేయండి. బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. అప్పు తెచ్చి చివర్లో ఒకేసారి వేసిన డబ్బు అనుమానానికి తావిస్తుంది, నెలనెలా దాచింది ఇవ్వదు. ఇన్సూరెన్స్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలి.

ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను) కూడా వసూలు చేస్తారు. రిటర్న్ వేసేటప్పుడు అది పన్నులో సర్దుబాటవుతుంది, అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది. టికెట్లు, హోటల్ విడిగా మీరే కొనుక్కోండి. కార్డు మీద విదేశీ కరెన్సీ మార్కప్ (ఫ్రాంకుల్లో ఖర్చుపెడితే బ్యాంకు అదనంగా తీసుకునే రుసుము) ఎంతో ముందే కనుక్కోండి. కొన్నింటికి మూడు శాతం దాటుతుంది, దానిమీద జీఎస్టీ. అక్కడ స్వైప్ మెషీన్ ‘రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా’ అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి.