ఇంగ్లండ్‌లో పాత చెక్క ఇల్లు: నడిమధ్య చిమ్నీ తీసేయవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కిందట కెంట్‌లోని ఒక పల్లెలో ఓక్ చెక్కతో కట్టిన పాత ఇల్లు కొన్నాం. 1450 ప్రాంతం నాటిదట. గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే చట్టం కాపాడే చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది. దాచుకున్నదంతా దీనికే పెట్టాం. ఇంటి నట్టనడుమ పెద్ద ఇటుక చిమ్నీ ఉంది. బ్రహ్మస్థానంలో అంత బరువు పనికిరాదని మా సిద్ధాంతిగారు, అత్తగారు పట్టుబడుతున్నారు. చిమ్నీ 1600 తర్వాత కట్టిందని సర్వేయరే రాశాడు. దాన్ని తీసేస్తే అసలు ఇంటిని బయటకు తెచ్చినట్టే కదా? ఇంతలో కౌన్సిల్ నుంచి లెటర్ వచ్చింది. పైన అడ్డదూలం కోసి తలుపు పెట్టారని, వెనక గోడకు సిమెంటు పూశారని, అనుమతి కాగితాలు చూపించమని అడుగుతున్నారు. అదంతా పాత ఓనర్ చేసింది. మా ఆవిడకు టెన్షన్‌తో నిద్ర లేదు. శనాదివారాల్లో అంతా పీకేసి పాతలాగే చేసేస్తానని ఒక బిల్డర్ అంటున్నాడు. చేయించవచ్చా?

జవాబు: ఇంత పెద్ద ఉత్తరంలో మీరు రాయని విషయం ఒక్కటే ఉంది. ఇల్లు లిస్టులోకి ఎక్కిన తేదీ. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ దాని మీదే. చారిత్రక కట్టడాలు చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ వాళ్ల జాతీయ జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇవాళే తీసి చూడండి.

ముందు చిమ్నీ సంగతి. 1990 నాటి లిస్టెడ్ భవనాల చట్టం 1450 నాటి ఇంటిని కాపాడటం లేదు. లిస్టులోకి ఎక్కిన రోజుకు ఉన్న ఇంటిని, లోపలా బయటా, మొత్తంగా కాపాడుతుంది. తర్వాతి శతాబ్దాల మార్పులు కూడా అందులో భాగమే. జాబితా వివరణలో చిమ్నీ మాట లేకపోయినా అంతే.

టార్చ్ పట్టుకుని అటక ఎక్కండి. ఇది ఆ ప్రాంతంలో మామూలుగా కనిపించే రకం ఇల్లే అయితే, మధ్య భాగంలో వాసాలు మసిబారి నల్లగా, రెండు చివరలా శుభ్రంగా ఉంటాయి. మొదట్లో మధ్యది కప్పుదాకా తెరిచి ఉన్న ఒకే హాలు. నేల మీదే పొయ్యి. పొగ కప్పులోంచి పోయేది. తర్వాత ఇటుక చిమ్నీ కట్టి, హాలు సగం ఎత్తులో అంతస్తు వేసి పైన గదులు చేసుకున్నారు. కింద నుంచి చూస్తే చాలా ఇళ్లలో తేడా తెలుస్తుంది: పాత చివర్లలో చిన్న దూలాలు పడుకోబెట్టినట్టు వెడల్పుగా ఉంటాయి, తర్వాత వేసినవి నిలబెట్టినట్టు ఉంటాయి. అధికారుల దృష్టిలో ఈ మార్పుల చరిత్రే ఆ ఇంటి విలువ. పైగా ఆ అంతస్తు దూలాలు చిమ్నీ మీదే ఆని ఉండవచ్చు. తెరిచిన హాలు చూడాలని ఉంటే వెస్ట్ ససెక్స్‌లో సింగిల్టన్ ఊళ్లోని వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంకు వెళ్లి బేలీఫ్ ఇల్లు చూడండి, అత్తగారిని కూడా తీసుకెళ్లండి. వాస్తు కారణం అప్లికేషన్‌లో రాస్తే ఆఫీసర్ మర్యాదగా చదివి పక్కన పెడతాడు.

ఇక పాత ఓనర్ పని. అనుమతి లేకుండా మార్చడం సెక్షన్ 9 కింద నేరం. రెండేళ్ల వరకు జైలు, పరిమితి లేని జరిమానా. లిస్టెడ్ అని తెలియదన్నా వినరు. అయితే ఆ నేరం పని చేసినవాడిది, చేయించినవాడిది. మీది కాదు. కానీ సెక్షన్ 38 కింద సరిచేయమనే నోటీసు మాత్రం ఇప్పటి ఓనర్‌కే వస్తుంది. పదేళ్లు దాటితే ఏమీ చేయలేరని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. ఆ గడువు మామూలు ప్లానింగ్ ఉల్లంఘనలకే. లిస్టెడ్ ఇంటి విషయంలో కాలపరిమితే లేదు.

కాబట్టి ప్రశ్న ఒక్కటే. ఆ పనులు లిస్టింగ్‌కు ముందా, తర్వాతా? ముందువైతే మీకు ఏ అనుమతీ అక్కర్లేదు. ఇలా దూలం కోసి తలుపు పెట్టడం 17, 18 శతాబ్దాల్లోనూ జరిగింది, అందుకే ఆశ వదులుకోకండి. కోసిన ముఖం చుట్టుపక్కల చెక్కలాగే ముదురు రంగులో ఉందా, లేతగా ఉందా? తలుపు చట్రంలో చేత్తో కొట్టిన మేకులా, ప్లస్ గుర్తు స్క్రూలా? పక్కన ప్లాస్టర్‌బోర్డు ఉందా? ఏదీ కదపకుండా, స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి. పాత అమ్మకం బ్రోషర్లు, కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ (కట్టుబడి ప్రమాణాలు చూసే విభాగం) ఫైళ్లు, పక్కింటి పెద్దవాళ్ల పాత ఫొటోలు వెతకండి. బిల్డింగ్ కంట్రోల్ సర్టిఫికెట్ దొరికిందని సంబరపడవద్దు, అది తేదీకి సాక్ష్యమే గానీ లిస్టెడ్ అనుమతి కాదు.

ఆ బిల్డర్‌ను గుమ్మం దాటనివ్వకండి. పాతలాగే చేయడానికి కూడా అనుమతి కావాలి. ఇప్పటిదాకా నేరం వేరేవాడిది. సోమవారం పొద్దుటికి అది మీది అవుతుంది, పైగా తేదీ తేల్చే సాక్ష్యం చెత్త లారీలో పోతుంది. పని పాతదని బిల్డర్ చేత వెనకటి తేదీతో బిల్లు రాయించుకునే ఆలోచన ఉంటే అది ఇంకో పెద్ద కేసు. దూలం ప్రమాదంగా ఉందన్న మినహాయింపూ చాలా ఇరుకు. తాత్కాలికంగా ఊతాలు పెట్టి ఆపగలిగితే అది వర్తించదు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఐదారు వందల ఏళ్ల ఇల్లు కొంటూ అనుమతుల కాగితాలు అడగకపోవడం అజాగ్రత్త. రెండు జతల గుడ్డలకే బిల్లు దాచుకునేవాళ్లం! కొన్నప్పటి ఫైలు తీయండి. మార్పుల గురించి అమ్మినవాళ్లు టీఏ6 ఫారంలో (ఇంటి వివరాలు అమ్మేవాళ్లు నింపి ఇచ్చే ఫారం) ఏం రాశారో చూడండి. అబద్ధం రాసి ఉంటే వాళ్ల మీద దావా వేయవచ్చు. ఒప్పందం మీద వేసే దావాకు సాధారణంగా ఆరేళ్లు గడువు, మీకు రెండేళ్లు అప్పుడే అయిపోయాయి. మీ సొలిసిటర్, సర్వేయర్ ఈ లోపాలు చెప్పకపోతే వాళ్ల బాధ్యతనూ ఆ దావా చూసే లాయర్ చేత పరిశీలింపజేయండి. అనుమతి లేని పాత మార్పులకు కొన్నప్పుడు తీసుకున్న ఇన్సూరెన్స్ పాలసీ ఉందేమో వెతకండి. ఉంటే కౌన్సిల్‌తో మాట్లాడేముందు దాని షరతులు చదవండి, చాలావాటిలో అలా మాట్లాడితే కవర్ పోతుంది. లేకపోతే ఇప్పుడు కొనలేరు, లెటర్ వచ్చేసింది.

వచ్చింది లెటరా, నోటీసా అన్నది లాయర్‌కు చూపించండి. నోటీసైతే అది అమల్లోకి వచ్చే తేదీకి ముందే అప్పీలు పడాలి, ఒక్కరోజు ఆలస్యమైనా కుదరదు. లెటరే అయితే పాత చెక్క ఇళ్లు తెలిసిన ఆర్కిటెక్ట్‌ను తీసుకెళ్లి ఆఫీసర్‌ను కలవండి. సిమెంటు విషయంలో వాదించకండి. అది తడిని లోపలే పట్టి ఉంచి ఓక్‌ను కుళ్లబెడుతుంది, తీసి సున్నం పూయడం మీకే లాభం. దానికి, తలుపు లిస్టింగ్ తర్వాతిదని తేలితే దానికి కూడా, లిస్టెడ్ అనుమతి అడగండి. ఇంగ్లండ్‌లో ఆ అప్లికేషన్‌కు ఫీజు లేదు. తలుపు ఉంచుకోవడానికి అనుమతి వస్తే అది ఆ రోజు నుంచే చెల్లుతుంది.