మేనకోడలికి అత్త రాసిన ఉత్తరం

కావలి

చి.ల.సౌ. మేనకోడలికి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

బాబుకు పది నెలలు నిండాయనీ, వచ్చే నెలలో వాడి గ్రహణమొర్రికి అంగిలి (నోటి పైకప్పు) ఆపరేషను పెట్టుకున్నారనీ, వాడు మాత్రం రోజంతా వేళ్ళు నోట్లోనే ఉంచుకుంటున్నాడనీ, వేపాకు రసం పూయమని మీ అత్తగారు అంటున్నారనీ రాశావు. ఆ పని మాత్రం చేయవద్దమ్మా. వేపాకైనా, మిరపకాయైనా, ఆ చెయ్యి కంట్లోకి కూడా వెళుతుంది. పైగా నోటి దగ్గరకు ఏ చెయ్యి వచ్చినా బెదిరిపోయే పిల్లవాడికి ఆపరేషను తర్వాత పాలు పట్టడం ఎంత కష్టమో నేను అనుభవించాను.

మీ బావ కూడా గ్రహణమొర్రితోనే పుట్టాడని నీకు తెలుసు. గ్రహణం నాడు నేను బయట తిరిగానని ఊళ్ళో అన్న మాటలు చాలాకాలం మోశాను. పెదవి కడుపులో ఏడో వారానికల్లా, అంగిలి తొమ్మిదో వారానికల్లా అతుక్కోవాలనీ, అప్పటికి కొందరు తల్లులకు నెల తప్పిన సంగతే సరిగా తెలియదనీ తర్వాత తెలుసుకున్నాను. ఆ మాటలు నీదాకా వస్తే పట్టించుకోకు.

అంగిలి తెరిచి ఉన్న బిడ్డ గట్టిగా చీకలేడు. గాలి ముక్కులోకి పోతుంది కనుక నోట్లో పట్టు చిక్కదు. అందుకే మనం వీళ్ళను నిటారుగా కూర్చోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పాలు పడతాము. ఇప్పుడు మీ వాడు చేస్తున్నది పళ్ళు వచ్చే వయసులో పిల్లలందరూ చేసే నమలడమే అనుకుంటాను. అంగిలి మూసుకున్నాక మొదటిసారిగా చీకే బలం వస్తుంది, అప్పుడు బొటనవేలి రుచి పట్టుకోవచ్చు. మీ బావకు అలాగే పట్టుకుంది.

అయితే అంతకంటే ముందు, ఆపరేషను తర్వాతి మూడు వారాలే నీకు అసలు పరీక్ష. వేలు, చెంచా, గట్టి బిస్కత్తు, బొమ్మ, ఏదీ కుట్ల మీదికి పోకూడదు. ఒక మధ్యాహ్నం నేను కునుకు తీస్తుండగా మీ బావ వేలు లోపలికి పెట్టుకున్నాడు. చూసేసరికి వేలి కొనకు నెత్తురు చార ఉంది. ముందుపళ్ళ వెనక చిన్న రంధ్రం మిగిలిపోయింది. దానికి అదొక్కటే కారణమని డాక్టరు అనలేదు గానీ, చారన్నం తిన్నప్పుడల్లా వాడి ముక్కులోంచి మెతుకు వస్తుంటే నాకు ఆ మధ్యాహ్నమే గుర్తుకొచ్చేది. అందుకని మోచేయి వంగకుండా తొడుగులు వేయాలి. రెండు మూడు గంటలకొకసారి, ఒక చేతి తర్వాత ఒక చేతిది తీసి, మోచేయి ఆడించి, చర్మం ఒరుసుకుందేమో చూసి మళ్ళీ తొడగాలి. ఎన్నాళ్ళు ఉంచాలో మీ డాక్టరు మాటే వినండి.

గాయం మానాక వేలు చీకడం మొదలైతే కొట్టకండి, అలాగని ఏళ్ళ తరబడి వదిలేయకండి. ఈ పిల్లలకు కుట్టిన చోటి మచ్చ పై దవడను ఎదగనీయకుండా బిగపడుతుంది. దానికి వేలు కూడా తోడైతే దవడ మరింత ఇరుకై, పై పళ్ళు కింది పళ్ళ లోపలికి పడతాయి. నిద్ర వచ్చినప్పుడా, ఆకలికా, తోచకనా, ఎప్పుడు చీకుతున్నాడో గమనించి ఆ వేళకు చేతికి ఒక గుడ్డబొమ్మ ఇవ్వు. మూడేళ్ళు నిండినా మానకపోతే పళ్ళ డాక్టరుకు చూపించాలి. పాలసీసాతో నిద్రపుచ్చే అలవాటు అసలే వద్దు, చీలిక పక్కన వచ్చే పళ్ళు త్వరగా పుచ్చుతాయి.

నోరు తెరుచుకుని గాలి పీల్చడాన్ని మాత్రం అలవాటు అనుకుని గదమాయించకు. చాలాసార్లు చీలిక ఉన్న వైపు ముక్కు ఇరుకుగా ఉండడమే కారణం. ఎవరైనా అడినాయిడ్లు (ముక్కు వెనక, గొంతు పైన ఉండే మెత్తటి కండ) తీసేద్దామంటే, అంగిలి కుట్టిన డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు. అవి తీస్తే కొందరు పిల్లల మాట మరింత ముక్కుతో వస్తుంది.

మాటలు వచ్చాక ‘పాప’ అనబోయి ‘మామ’ అంటున్నాడేమో విను. ‘పాప’ అనిపిస్తూ ముక్కు కింద చిన్న అద్దం పెట్టి చూడు. అద్దం మసకబారితే గాలి ముక్కులోంచి పోతున్నట్టు. పలకలేని అక్షరాలను గొంతులోనే నొక్కి పలకడం అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టం, కాబట్టి మాటలు నేర్పే నిపుణులకు ముందుగానే చూపించు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకంలో గ్రహణమొర్రి కూడా ఉంది, పద్దెనిమిదేళ్ళ వరకు చూస్తారు. అంగన్‌వాడీలో పేరు రాయించు.

బాబు చంక నుంచి మణికట్టు దాకా కొలత తీసి పంపు. మెత్తటి పాత నేతచీర గుడ్డలో అట్టముక్కలు పెట్టి రెండు జతల తొడుగులు కుట్టి, ఆపరేషనుకు ముందు రోజు నేనే ఒంగోలు తీసుకువస్తాను.

ఇట్లు,
మీ అత్త