మీరు అడిగారు: ఎండ పాపం సూర్యుడిదేనా?

ప్రశ్న: మేడమ్, మాకు దామలచెరువు దగ్గర తోతాపురి తోట ఉంది. కర్తరి రాకముందే ఎండకు పిందె రాలిపోతోంది. మా తోడల్లుడు ఏదో వీడియో చూసి, "సూర్యుడు పదకొండేళ్లకోసారి రాజుకుంటాడు, పూర్వపు కరువులన్నీ ఆయన పనే, పొగా గిగా అంతా ఉత్త మాట" అంటున్నాడు. నిజమేనా?
– ఒక మామిడి రైతు

జవాబు: పిందె సంగతి ముందు ఉద్యానశాఖ వాళ్లకు చూపించండి. తడి చాలకపోయినా, పురుగు పట్టినా రాలుతుంది. ఇక మీ తోడల్లుడి మాటలో సగం కరెక్టే. ఆ సగం కొట్టిపారేస్తే పండక్కి వచ్చినప్పుడు మీ మాట ఆయన వినడు.

సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్లకు అటూ ఇటూగా పెరిగి తగ్గుతాయి. మచ్చలు ఎక్కువున్నప్పుడు వెలుగూ కాస్త ఎక్కువే. 1645 నుంచి 1715 దాకా అవి దాదాపు కనిపించలేదు. ఆ రోజుల్లోనే లండన్‌లో థేమ్స్ నది గడ్డకడితే దాని మీద సంత పెట్టుకున్నారు. అయితే ఐరోపాలో ఆ చలి అంతకుముందే మొదలైంది, అగ్నిపర్వతాలూ అందులో చెయ్యి వేశాయి. అంతా మచ్చల ఖాతాలో రాయలేం.

టెలిస్కోపు పుట్టకముందు సంగతి చెట్లు చెబుతాయి. సూర్యుడు మందగిస్తే ఆయన అయస్కాంత ప్రభావం తగ్గి, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన గాలిని ఎక్కువగా తాకుతాయి. దాంతో కార్బన్-14 అనే అరుదైన రకం కార్బన్ ఎక్కువ తయారవుతుంది. చెట్టు దాన్ని పీల్చి ఆ ఏటి వలయంలో దాచుకుంటుంది. ఇక పాతకాలపు వానల లెక్క గుహలు చెబుతాయి. ఒమన్‌లోని హోతి గుహలో నీటి చుక్కలకు పేరుకున్న సున్నపు స్తంభాన్ని పొరపొరగా పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 9,600 నుంచి 6,100 ఏళ్ల కిందటి దాకా అక్కడి రుతుపవన వానలూ, చెట్లు చూపిన సూర్యుడి హెచ్చుతగ్గులూ చాలావరకు కలిసే నడిచాయి.

సముద్రం దాచిన లెక్క నాకింకా ఇష్టం. నైరుతి గాలి గట్టిగా వీస్తే ఒమన్ తీరంలో లోతునున్న చల్లని నీళ్లు పైకొస్తాయి. అందులో గ్లోబిజెరినా బుల్లాయిడెస్ అనే, ఇసుక రేణువంత పెంకు జీవి బాగా పెరుగుతుంది. చచ్చాక పెంకు అడుగుకు చేరుతుంది. ఆ అడుగు బురదను గొట్టంతో తీసి, పొర పొరకూ మైక్రోస్కోపు కింద ఈ పెంకులు లెక్కపెట్టాలి. ఎంత ఓపిక! ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన అనిల్ గుప్తా, మరికొందరు ఇలాగే లెక్కగట్టి, ఉత్తర అట్లాంటిక్ చల్లబడ్డ కాలాల్లో మన నైరుతి కూడా నీరసించిందని 2003లో చూపించారు. ఆ చల్లని కాలాలకు సూర్యుడి మందగింపుతో సంబంధం ఉందని అమెరికా శాస్త్రవేత్త గెరార్డ్ బాండ్ బృందం 2001లోనే చెప్పింది.

తోడల్లుడి సగం ఇక్కడికి సరి. ఇప్పటి ఎండకు ఈ లెక్క పనికిరాదు. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుణ్ణి కొలుస్తూనే ఉన్నాయి. చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు వస్తే, పదకొండేళ్ల ఎగుడుదిగుడు ఒక్క వాటు. భూమి గుండ్రం, పైగా కొంత వెలుగు తిరిగి పోతుంది, కాబట్టి సగటున మనకు దక్కే తేడా వాటులో అయిదో వంతు కూడా ఉండదు. మీ తోడల్లుడు ఉత్త మాటన్న పొగలోని కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే రెండు వాట్ల పైచిలుకు కలిపింది. 2008 చివర్లో మొదలైన పదకొండేళ్ల సూర్యచక్రం వందేళ్లలో బాగా నీరసమైనది. అయినా అందులోనే వచ్చిన 2016 అప్పటికి రికార్డు వేడి సంవత్సరం.

ఇంకో సాక్ష్యం ఉంది. మీ దగ్గర్లోని గాదంకిలో 1024 యాంటెన్నాలతో ఒక వాతావరణ పరిశోధన రాడార్ పైకి చూస్తూ ఉంటుంది కదా, అది గమనించే ఎత్తుల్లోనే ఓజోన్ ఉండే పొర కూడా ఉంది. సూర్యుడే కాక పెంచితే కింది గాలితో పాటు ఆ పొరా వేడెక్కాలి. దశాబ్దాల బెలూన్, ఉపగ్రహ కొలతల్లో కింద వేడి పెరుగుతుంటే అక్కడ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే జరగాల్సింది సరిగ్గా అదే.