పాప లాయరవుతానంటే మీకెందుకంత భయం?

చిత్తూరు దగ్గరి ఒక ఊరి నుంచి, మామిడికాయల వ్యాపారం చేసే ఒక తండ్రి మూడు పేజీల ఉత్తరం రాశారు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న వారి పాప ఇంజినీరింగ్ వద్దంటోంది. పౌరహక్కుల కేసులు వాదించే లాయరునై, పోలీసు స్టేషన్లూ జైళ్లూ క్రిమినల్ కోర్టులూ నడిచే తీరు మార్చడానికి పనిచేస్తానంటోంది. వారి ప్రశ్న ఇది: "జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చదివించి, ఆ తర్వాత అమెరికాకు ఎల్ఎల్ఎం (లాలో పీజీ) కోసం పంపడం మేలా, లేక తిరుపతిలోనే చదివించి ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు పెట్టించడం మేలా? అసలు ఇది బతుకుతెరువేనా?"

అయ్యా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. అడిగేది కాలేజీల గురించే అయినా, అడిగేవారి భయం మాత్రం కాలేజీల గురించి కాదు. మీ ఉత్తరం రెండో పేజీ చివర, దాదాపు దాచినట్టుగా, రెండు వాక్యాలున్నాయి. మీ లారీ డ్రైవరును ఒక దొంగతనం కేసులో జైలుకు పంపారనీ, బెయిలు మంజూరైనా జామీనుదారులు దొరక్క మరో నాలుగు నెలలు లోపలే ఉన్నాడనీ, అప్పటి నుంచే పాపకు ఈ పట్టుదల వచ్చిందనీ రాశారు. జామీను కోసం అతని భార్య ముందు మీ ఇంటికే వచ్చిందనీ, ఎందుకొచ్చిన గొడవ అని మీరు వెళ్లలేదనీ ఆ వెంటనే రాశారు. మీ పాప ఎంచుకున్న వృత్తి మిమ్మల్ని ఇంతగా కలవరపెట్టడానికి కారణం జీతభత్యాలు మాత్రమే కాదని నాకనిపిస్తోంది. ఆమె ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది. ఇప్పుడు ఆమె మీ మీద తీర్పు చెబుతున్నదేమోనని మీకు అనుమానం. మూడు పేజీల ఉత్తరంలో ఆమె ఏమన్నదో ఒక్క వాక్యం కూడా లేదు. బంధువులేమంటారో మాత్రం అరపేజీ ఉంది. ముందు ఆమెను కూర్చోబెట్టుకుని వినవలసింది మీరు. నాకు రాయడం ఆ తర్వాతి సంగతి.

మీ డ్రైవరుకు జరిగింది కొత్త కాదు. సుప్రీంకోర్టు బెయిలిచ్చిన మోతీరాం అనే తాపీమేస్త్రీని 10,000 రూపాయల పూచీకత్తు తెమ్మని మధ్యప్రదేశ్‌లోని కింది కోర్టు అడిగింది. అతని అన్నదమ్ముడు పూచీగా ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించింది. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుబట్టి, 1,000 రూపాయల సొంత బాండు మీద అతన్ని విడుదల చేయమన్నారు. మరుసటి ఏడాది, 1979లో, న్యాయవాది కపిలా హింగోరాని బీహారు జైళ్లలోని విచారణ ఖైదీల తరఫున వేసిన హుస్సేనారా ఖాతూన్ కేసులో, సత్వర విచారణ కూడా 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గినవారు ఆ జైళ్లలో ఉన్నారు. ఇదంతా జరిగి నలభై ఏళ్లు దాటినా, 2022 చివరి జాతీయ లెక్కల ప్రకారం మన జైళ్లలోని 5,73,220 మందిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే.

బెయిలు ఉత్తర్వుకూ జైలు గేటుకూ మధ్యనున్న ఆ దూరం ఎంతో చెప్పడానికి, నేను కళ్లారా చూసిన ఒక దృశ్యం చెబుతాను. కొన్నేళ్ల కిందట నా సలహా మీద లా చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు తిరుపతి కోర్టులో జూనియర్‌గా చేస్తోంది. ఆమెను కలవడానికి ఒక ఉదయం వెళ్లాను. చెట్టు కింద తమిళనాడులోని జవ్వాది కొండల వైపు నుంచి వచ్చిన ఒకావిడ ప్లాస్టిక్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎర్రచందనం కేసులో ఆమె భర్తకు బెయిలొచ్చి మూడు వారాలైంది. సంచిలో రేషన్ కార్డు, అన్న పేరున ఉన్న పట్టా, ఒక ఫొటో ఉన్నాయి. అన్నీ తమిళంలో ఉన్నాయి, అన్నీ తిరువణ్ణామలై జిల్లావే. ఆ అమ్మాయి నేలమీదే కూర్చుని కాగితాలను ఒక్కొక్కటిగా చదివి తెలుగులో రాసుకుంది. పూచీకత్తు షరతు సడలించమని అర్జీ రాసి, వెనకాల 1978 నాటి ఆ తీర్పు నకలు జతచేసింది. ఆ పని గంటంబావు పట్టింది. మీ పాప చేస్తానంటున్న సంస్కరణ మొదలయ్యేది ఇక్కడే. చట్టం ఎప్పుడో మారింది, దాన్ని ఈ ఒక్క మనిషి దగ్గరికి తెచ్చే వకీలే లేడు. మీ ఇంట్లో తమిళం కూడా మాట్లాడతారని రాశారు కదా, శేషాచలం చుట్టుపక్కల కోర్టుల్లో క్రిమినల్ పని చేసే లాయరుకు ఆ భాష ఎంత విలువైనదో మీకు తెలియక దాన్ని ఒక మాటతో వదిలేశారు.

ఇలాంటి చిన్న అర్జీల్లోంచే పెద్ద ప్రశ్నలు పుడతాయి. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతిని చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీ ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న నేరాలకు మాత్రం ఇది వర్తించదు. మూడేళ్ల శిక్ష పడగల దొంగతనం కేసులో అది ఒక సంవత్సరం. అయితే ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగులో ఉన్నవారికి ఆ విడుదల లేదని అదే సెక్షన్ రెండో భాగం చెబుతోంది. ఒకే మనిషి మీద నాలుగు స్టేషన్లలో నాలుగు కేసులు నమోదైతే, అతని గతి ఏమిటి? ఈ ప్రశ్న హైకోర్టు ముందు గట్టిగా నిలబడాలంటే, దానికి ముందు మేజిస్ట్రేటు కోర్టులో అలాంటి ఇరవై మంది ఫైళ్లు తిరగేసి ఉండాలి. ఈ రంగంలో పేరున్నవారంతా అలా తయారైనవారే.

కాబట్టి అమెరికా చదువు గురించి నాకున్న సందేహాన్ని మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ మధ్య లా వైపు వచ్చే పిల్లల్లో చాలామంది అక్కడి పౌరహక్కుల లాయర్ల జీవితాలను చూసి ఉత్తేజం పొందుతున్నారు. ఆ ఉత్తేజం మంచిదే, దానిని నేను తక్కువ చేయను. కానీ అక్కడ ఆ వృత్తి నిలబడడానికి పునాది అక్కడి చట్టాల్లో ఉంది. రాజ్యాంగ హక్కులు భంగపరిచిన ప్రభుత్వోద్యోగి మీద సివిల్ దావా వేసే వీలును 1871 నాటి చట్టం ఇచ్చింది. అలాంటి దావా గెలిస్తే వాది లాయరు ఫీజును ప్రతివాది చేత ఇప్పించే వీలు 1976లో వచ్చింది. పెద్ద నేరాల కేసుల్లో పేద నిందితుడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని అక్కడి సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో చెప్పింది. అక్కడి లాయరు జ్యూరీ ముందు వాదిస్తాడు, ఇక్కడ జ్యూరీ లేదు. ఇక్కడ 1983లో రుదల్ షా కేసులోనూ, 1993లో నీలబతి బెహెరా కేసులోనూ సుప్రీంకోర్టు బాధితులకు నష్టపరిహారం ఇప్పించింది గాని, గెలిచిన లాయరు ఫీజును ఓడినవారి చేత కట్టించే అలాంటి చట్టం మనకు లేదు. అక్కడ ఏడాదిపాటు నేర్చుకున్న నైపుణ్యంలో సగం ఇక్కడి కోర్టు హాల్లో అక్కరకు రాదు. ఉన్న పొలం కుదువపెట్టి పంపాలనుకుంటున్నట్టు రాశారు. ఆ అప్పు తీర్చడానికి ఆమె ఏదో ఒక పెద్ద కంపెనీ ఒప్పందాలు రాసుకునే ఉద్యోగంలో చేరవలసి వస్తుంది. అలా చేరి, మనసు ఇక్కడే ఉండి తిరిగి రాలేకపోతున్న పిల్లలు నాకు తెలుసు. ఎల్ఎల్ఎం తప్పని నేననడం లేదు. అయిదారేళ్లు ట్రయల్ కోర్టులో చేశాక, ఒక స్పష్టమైన ప్రశ్న చేతిలో పట్టుకుని, స్కాలర్‌షిప్‌తో వెళితే దానికి అర్థముంటుంది. ఇంటర్ చదివే పిల్ల గురించి ఇప్పుడే పొలం లెక్కలు వేయకండి.

ఇక బతుకుతెరువు. మొదటి మూడేళ్లు కష్టమే, దాన్ని తీయగా చెప్పను. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలైనా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది గాని, అది సూచన మాత్రమే. చాలామంది సీనియర్లు అంత ఇవ్వరు. ఆ మూడేళ్లు ఇంటి అండ కావాలి. అయితే అదే మూడేళ్ల ప్రాక్టీసు వృథా పోదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్లీ నిర్దేశించింది. నేరుగా మీ పాప కోరికకు సరిపోయే దారి మరొకటుంది. 2022లో జాతీయ న్యాయసేవల సంస్థ జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ తెచ్చింది. అందులో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ స్థాయుల్లో లాయర్లు ప్రైవేటు కేసులు మానుకుని, నెలవారీ గౌరవ వేతనంతో, లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదిస్తారు. అసిస్టెంట్ స్థాయికి కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టినవారూ అర్హులే. బెయిలు పూచీకత్తు కట్టలేని పేద ఖైదీకి 40,000 రూపాయల దాకా సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది. ఆ సాయం అందించే పని కూడా ఇలాంటివారి చేతులమీదుగానే జరగాలి. మీ డ్రైవరు విషయంలో ఈ తలుపులేవీ తట్టినవారు లేరని మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది.

భద్రత గురించీ అడిగారు. నిజం దాచను. తెలుగునాట 1980లలోనూ ఆ తర్వాతా పౌరహక్కుల కోసం నిలబడినవారు కొందరు హత్యకు గురయ్యారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎదురుకాల్పుల పేరుతో ఇరవైమంది కూలీలు చనిపోయినప్పుడు, వారి తరఫున మాట్లాడడం తేలికైన పని కాదు. అలాంటి కేసులు పట్టినవారికి ఒత్తిళ్లు వస్తాయి. కానీ రోజువారీ పనిలో తొంభై పాళ్లు రిమాండు, బెయిలు, వాయిదా, ఛార్జిషీటు, క్రాస్ ఎగ్జామినేషన్. అది ఏ క్రిమినల్ లాయరైనా చేసే పనే. నిందితుల పక్షాన నిలబడేవారు నేరస్థుల మనుషులంటూ మీ బావగారు అన్నారట. అరెస్టయిన ప్రతి మనిషికీ తనకిష్టమైన లాయరును సంప్రదించే హక్కును రాజ్యాంగం 22వ అధికరణంలోనే రాసింది. "కొడుకైతే పంపేవాణ్ణి" అన్న మీ మాట నన్ను చాలా బాధించింది. రోజూ బస్సెక్కి తిరుపతి వెళ్లి ఎంపీసీ చదువుతున్న పిల్ల, కోర్టుకు వెళ్లలేదా? జైల్లోని ఆడ ఖైదీలు తమ కష్టం ఒక స్త్రీకి చెప్పుకున్నంత తేలికగా మగ వకీలుకు చెప్పుకోలేరు.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటొచ్చి, ఫీజు అప్పులేకుండా కట్టగలిగితే వెళ్లనివ్వండి, గ్రంథాలయం, తోటివారు, జైళ్ల మీద పనిచేసే బృందాలతో పరిచయం అక్కడ బాగుంటాయి. సీటు రాకపోతే తిరుపతి చదువుతో ఆమె వెనకబడిపోదు. సెలవుల్లో మంచి క్రిమినల్ లాయరు దగ్గర కూర్చోనిస్తే, ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఎంపీసీ చదివింది వృథా అని కూడా బెంగపడకండి. పౌరహక్కుల ఉద్యమంలో పేరున్న కె. బాలగోపాల్ గణితంలో పరిశోధన చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఆ పాఠాలే చెప్పి, ఆ తర్వాతే న్యాయవాది అయ్యారు.

పరీక్షలయ్యాక ఒక పని చేయండి. మీ డ్రైవరును ఇంటికి పిలిచి, అతను ఒప్పుకుంటే అతని కేసు కాగితాలు తెప్పించుకోండి. అరెస్టయిన తేదీ, బెయిలు ఉత్తర్వు వచ్చిన తేదీ, జైలు నుంచి బయటికొచ్చిన తేదీ, ఈ మూడింటినీ పాపను ఒక కాగితం మీద రాయమనండి. రెండో తేదీకీ మూడో తేదీకీ మధ్య ఏం చేసి ఉండవచ్చో ఆమె చెబుతుంటే, మీరు అడ్డురాకుండా వినండి. ఆ తర్వాత ఒక పనిదినాన ఇద్దరూ చిత్తూరు కోర్టుకు వెళ్లి, మేజిస్ట్రేటు హాల్లో వెనక బెంచీలో మధ్యాహ్నం దాకా కూర్చోండి. బహిరంగ విచారణ ఎవరైనా చూడవచ్చు. ఆమె ఏమన్నదో ఈసారి మీ ఉత్తరంలో తప్పకుండా రాయండి.