మూడో ఏడాది ‘ప్లేస్‌మెంట్’ అంటే ఉద్యోగం కాదు

ప్రశ్న: మాది ఖమ్మం. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతాను. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ మొదటి ఏడాది చదువుతోంది. సీఏ వైపు వెళ్తుందనుకుంటే, బ్రిటన్‌లో మీడియా, కమ్యూనికేషన్ డిగ్రీ చేస్తానంటోంది. నాలుగేళ్ల కోర్సు, మూడో ఏడాది ప్లేస్‌మెంట్ ఉంటుందట. ఆ ఏడాది జీతంతోనే ఫీజు చాలావరకు వెనక్కి వచ్చేస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఊరి బయట ఉన్న ప్లాటు అమ్మి పంపిద్దామని నా ఆలోచన. మా బావమరిది మాత్రం ‘విలేకరి కావడానికి లండన్ దాకా ఎందుకు?’ అని నవ్వుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ప్లాటు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఆ ‘ప్లేస్‌మెంట్’ అనే మాట దగ్గరే పేచీ ఉంది. మన దగ్గర ఆ మాట వినగానే ఇంజినీరింగ్ కాలేజీకి కంపెనీలు రావడం, పిల్లల చేతికి ఆఫర్ లెటర్ అందడం, మర్నాడు కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ వెలవడం కళ్ల ముందు మెదులుతాయి. బ్రిటన్ డిగ్రీ మధ్యలో వచ్చే ప్లేస్‌మెంట్‌కు దీనితో పోలికే లేదు. రెండేళ్లు చదివి, మూడో ఏడాది ఏదైనా సంస్థలో పనిచేసి, నాలుగో ఏడాది మళ్లీ తరగతికి వచ్చి డిగ్రీ పూర్తి చేస్తారు. చదువుకూ చదువుకూ మధ్య పని ఇరుక్కుని ఉంటుంది కాబట్టి అక్కడ దీన్ని శాండ్‌విచ్ డిగ్రీ అని కూడా అంటారు. ఆ పని చూపించే పూచీ యూనివర్సిటీది కాదు. బయోడేటా దిద్దుతారు, ఇంటర్వ్యూకు తర్ఫీదు ఇస్తారు, ప్రకటనలు పంపుతారు, దొరికిన పని కోర్సుకు తగినదో కాదో చూసి ఆమోదిస్తారు. అంతవరకే. దరఖాస్తులు పెట్టి, తిరస్కారాలు తిని, చివరికి ఒక చోటు సంపాదించుకోవాల్సింది మీ అమ్మాయే. దొరక్కపోతే ఆమెను మామూలు మూడేళ్ల డిగ్రీకి మారుస్తారు, వీసా గడువు కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇక జీతం. ఈ ముక్క మీకు చెప్పకుండా ఎందుకు వదిలేశారో నాకు అర్థమవుతూనే ఉంది. బ్రిటన్‌లో కనీస వేతన చట్టం గట్టిదే. కానీ కోర్సులో భాగంగా, ఏడాదికి మించకుండా చేసే ప్లేస్‌మెంట్‌కు ఆ చట్టం వర్తించదు. అంటే జీతం ఇవ్వకుండా పని చేయించుకున్నా నేరం కాదు. ఇంజినీరింగ్, అకౌంటింగ్ పిల్లలకు దీనితో పెద్ద ఇబ్బంది రాదు, వాళ్లకు కంపెనీలు జీతాలు ఇస్తాయి. ఇబ్బందంతా మీడియాకే. చిన్న నిర్మాణ సంస్థలు, పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు దారి ఖర్చులు, భోజనం డబ్బులతో సరిపెట్టడం అక్కడ కొత్త కాదు. బాగా జీతమిచ్చే చోట్లు సాధారణంగా పెద్ద కంపెనీల ప్రచార విభాగాలు, పౌరసంబంధాల ఏజెన్సీలు. టీవీ స్టూడియోలో కెమెరా వెనక నిలబడాలని వెళ్లిన పిల్ల, బీమా కంపెనీ ఉద్యోగులకు పంపే వార్తాలేఖ రాస్తూ ఏడాది గడపవచ్చు. నా దృష్టిలో అది నష్టమేమీ కాదు, రాయడం వస్తుంది. కాకపోతే వెళ్లేముందే తెలిసి ఉండాలి.

మీరు వ్యాపారస్తులు కాబట్టి లెక్కలోకి దిగుదాం. విదేశీ విద్యార్థులకు మీడియా కోర్సుల ఫీజు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రకం. ఏడాదికి 18 వేల పౌండ్లు అనుకుందాం. లండన్ బయట చదివితే జీవన వ్యయానికి నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు డబ్బు చూపమని ప్రస్తుత వీసా నిబంధన. లండన్‌లో అయితే 1,529. ఇవి కాక ఆరోగ్య సేవల రుసుము ఏడాదికి 776 పౌండ్లు, కోర్సు మొత్తానికీ వీసా దరఖాస్తు రోజే కట్టాలి. మూడేళ్ల డిగ్రీకి ఇవన్నీ కూడితే దాదాపు 88 వేల పౌండ్లు. ప్లేస్‌మెంట్ ఏడాదిలో ఫీజు బాగా తగ్గుతుంది, రెండు వేలు వేసుకుందాం. కానీ ఆ ఏడాది పన్నెండు నెలలూ అద్దె, తిండి తప్పవు. అప్పుడు నాలుగేళ్లకు లక్షా అయిదు వేల పౌండ్లు. పౌండు 120 రూపాయలు అనుకుంటే మొదటిది కోటీ ఆరు లక్షలు, రెండోది కోటీ 26 లక్షలు. తేడా 20 లక్షలు. జీతం లేని ప్లేస్‌మెంట్‌కు మీరు కట్టే అసలు ధర అదీ.

జీతం వస్తేనో? 2026 ఏప్రిల్ నుంచి 18 నుంచి 20 ఏళ్ల వాళ్లకు కనీస వేతనం గంటకు 10.85 పౌండ్లు. వారానికి 35 గంటల లెక్కన ఏడాదికి 19,700 చిల్లర, కొంత పన్ను పోతుంది. అంటే ఆ ఏడాది ఖర్చును ఆ ఏడాదే మోసుకుంటుంది, ఓ లక్ష మిగిలితే మిగలవచ్చు. అంతకంటే మంచి జీతమిచ్చే కంపెనీలూ ఉన్నాయి. అయినా మిగతా మూడేళ్ల ఫీజు వెనక్కి రావడమనేది ఏ లెక్కలోనూ తేలదు. కన్సల్టెన్సీ వాళ్లను కాగితం మీద వేసి చూపించమనండి.

ఇంకో మెలిక ఉంది. ఇది మీడియా పిల్లలకే ఎక్కువ తగులుతుంది. విద్యార్థి వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు ఎవరి దగ్గరైనా ఉద్యోగం చేసుకోవచ్చు కానీ, విడిగా వ్యాసాలు రాసి బిల్లు పెట్టడం, పెళ్లి వీడియో తీసి డబ్బు పుచ్చుకోవడం కుదరదు. యూట్యూబ్ ప్రకటనల ఆదాయం తీసుకోవడం కూడా చిక్కే. మీడియాలో చిన్న పనులు చాలావరకు ఇలా ముక్కలుగానే దొరుకుతాయి. తోటి ఇంగ్లిషు విద్యార్థి అలా ఓ పాతిక పనులు చేసి పేరు సంపాదించుకుంటాడు, మన అమ్మాయికి ఆ తలుపు మూసే ఉంటుంది. అందుకే ఆమెకు ప్లేస్‌మెంట్ ఏడాది విలువ మరింత ఎక్కువ. సెలవులు తప్పిస్తే, పూర్తి సమయం మీడియా పని చేయడానికి చదువు మధ్యలో చట్టబద్ధంగా దొరికే అవకాశం అదొక్కటే. అది కోర్సులో భాగమై, మూల్యాంకనం జరిగేదై ఉండాలన్నది షరతు.

ఇక్కడి నుంచి కొంచెం మీ అమ్మాయి చదవాలి.

అమ్మా, మీడియా, కమ్యూనికేషన్ అంటే జర్నలిజం కాదు, సినిమా కోర్సు అంతకంటే కాదు. వార్తలు జనం ఆలోచనలను ఎలా మలుస్తాయి, ప్రకటనలు ఎవరిని ఉద్దేశించి ఎందుకు తయారవుతాయి, మీడియా చట్టాలు, సర్వేలు చేసే పద్ధతులు, వీటి మీద పేజీలకు పేజీలు చదివి వ్యాసాలు రాయడం ఇందులో పెద్ద భాగం. లెస్టర్ యూనివర్సిటీలో 1966లోనే మాస్ కమ్యూనికేషన్ పరిశోధన కేంద్రం మొదలైంది. అలాంటి చోట సామాజిక శాస్త్రం పాలు ఎక్కువ. బోర్న్‌మత్‌కు చేతిపని నేర్పుతుందనే పేరుంది. లఫ్‌బరోలో ప్లేస్‌మెంట్ ఏడాది పూర్తి చేస్తే డిగ్రీతో పాటు విడిగా డిప్లొమా ఇస్తారు. సర్రేలో దీన్ని వృత్తి శిక్షణ సంవత్సరం అంటారు. కోర్సు పేరు ఒకటే అయినా సరుకు వేరు. ప్రతి కోర్సులో ఏయే పేపర్లు ఉన్నాయో ఓపికగా చదువు. విలేకరి కావాలన్నదే నీ కోరిక అయితే, అక్కడి జర్నలిస్టుల శిక్షణ మండలి ఎన్‌సీటీజే గుర్తింపు ఉన్న కోర్సు వేరే ఉంటుంది, అది చూడు.

ప్లేస్‌మెంట్ వేట రెండో ఏడాది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే మొదలవుతుంది. పెద్ద కంపెనీలు అప్పుడే ప్రకటనలిస్తాయి, చిన్న మీడియా సంస్థలు వసంతంలో. కాబట్టి చూపించడానికి నీ పని మొదటి ఏడాదిలోనే పోగుపడాలి. విద్యార్థుల పత్రికలో రాయి, క్యాంపస్ రేడియోలో మాట్లాడు, అవి డబ్బులివ్వవు కాబట్టి వీసాకూ అడ్డం రావు. దరఖాస్తులో రెండు వాక్యాలు మాత్రం మరవకు. ‘ప్లేస్‌మెంట్ కోసం మీరు నాకు వీసా స్పాన్సర్ చేయనవసరం లేదు. నా యూనివర్సిటీయే స్పాన్సర్.’ విదేశీ పేరు కనబడగానే ఇదేదో వీసా తలనొప్పి అనుకుని పక్కన పడేసే చిన్న సంస్థలున్నాయి. వాళ్ల భయం పోగొట్టే పని నీదే.

దరఖాస్తు చేసేటప్పుడే ప్లేస్‌మెంట్ ఉన్న నాలుగేళ్ల కోర్సును ఎంచుకో. మూడేళ్ల కోర్సులో చేరి తర్వాత మారితే వీసా పొడిగింపుకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుములు.

బావమరిది గారి మాటకు వద్దాం. వెటకారం ఉన్నా అందులో పస ఉంది. తెలుగులో విలేకరి కావాలంటే లండన్ అక్కర్లేదు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. హైదరాబాద్‌లోనే ఇంగ్లిషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది, పీజీకి సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మామూలు డిగ్రీలోనే ఇంటర్న్‌షిప్‌ను కలిపారు, దాని నాణ్యత కాలేజీని బట్టి ఉంటుందనుకోండి. చాలామంది పిల్లలు ‘బీబీసీ తెలుగులో చేరతాను, అందుకే లండన్’ అని నా దగ్గరికి వస్తారు. బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది, ఆ వార్తలు తయారయ్యేది భారత్‌లోనే. 2024 నుంచి ఆ పని చూస్తున్నది కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే ఇక్కడి సంస్థ.

డిగ్రీ అయ్యాక అక్కడ ఉండిపోవడం గురించి కూడా విని ఉంటారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీ వాళ్లకు ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. మీ అమ్మాయి దాని కిందికే వస్తుంది. ఆ తర్వాత ఉండాలంటే కంపెనీ స్పాన్సర్ చేయాలి. దానికి కొత్తగా చేరే వాళ్లకు కూడా కనీసం 33,400 పౌండ్ల జీతం ఉండాలి, మామూలుగా అయితే 41,700. స్థానిక పత్రికల్లో కొత్త విలేకరి జీతం ఈ గీతకు బాగా కింద ఉంటుంది. పెద్ద పౌరసంబంధాల సంస్థల్లో దాటే అవకాశం ఉంది, అదీ అందరికీ కాదు. కాబట్టి ‘అక్కడే సెటిలైపోతుంది’ అనే అంచనాతో ప్లాటు అమ్మవద్దు.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతున్నాను. ప్లాటు అమ్మగా వచ్చేది కోటీ 26 లక్షలకు సరిపడా లేక, మిగతాది అప్పు చేయాల్సి వస్తే ఇప్పుడు పంపవద్దు. ఇక్కడ డిగ్రీ చేయనివ్వండి, ఆ మూడేళ్లలో ఆమె ఏం రాస్తుందో, ఏం తీస్తుందో మీకే తెలుస్తుంది, కావాలంటే పీజీకి ఒక్క ఏడాది బ్రిటన్ వెళ్లవచ్చు. డబ్బు ఇబ్బంది లేకపోతే, అమ్మాయి పట్టుదల నిజమైతే, పంపండి. అప్పుడు నాలుగేళ్ల కోర్సుకే పంపండి, ఆ ఏడాదికి జీతం సున్నా అనుకుని డబ్బు సిద్ధం చేసుకోండి. జీతం వస్తే సంతోషం.

ఈ వారంలోనే ఒక పని చేయించండి. అమ్మాయి ఎంచుకున్న మూడు నాలుగు యూనివర్సిటీల ప్లేస్‌మెంట్ కార్యాలయాలకు, కన్సల్టెన్సీ ద్వారా కాకుండా, ఆమె చేతనే మెయిల్ రాయించండి. గత ఏడాది ఈ కోర్సులో ఎంతమంది ప్లేస్‌మెంట్ కావాలన్నారు, ఎంతమందికి దొరికింది, అందులో విదేశీ విద్యార్థులు ఎందరు, జీతం వచ్చింది ఎందరికి, ఆ ఏడాది ఫీజెంత? కొందరు అంకెలతో జవాబిస్తారు. కొందరు రంగుల బ్రోషర్ పంపుతారు. బ్రోషర్ పంపిన వాళ్ల పేరు కొట్టేయండి. జవాబులు వచ్చాక మళ్లీ రాయండి, ప్లాటు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.