మెట్ల కింద ఐదేళ్ళు పడున్న 28 అంగుళాల సైకిలు: బాగు చేయించాలా, గేర్లది కొనాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా: నెల్లూరు శివారు లేఅవుట్లో ఇల్లు. మెట్ల కింద నాన్నగారి రాడ్ బ్రేకుల నల్ల సైకిలు ఐదేళ్ళుగా కదల్లేదు. పొద్దున పాలకూ పేపరుకూ, సాయంత్రం కూరగాయలకూ, వీలైతే ఆదివారం మైపాడు బీచి దాకా తొక్కాలని ఉంది. తుప్పు చూసి షాపువాళ్ళు గేర్ల సైకిలు కొనుక్కోమంటున్నారు.

బాగు చేయించండి. పైకి కనిపించే తుప్పు సైకిలును చంపదు. హ్యాండిలు నికెలు లేచిపోయినా, మడ్‌గార్డు అంచులు తినేసినా తొక్కడానికి అడ్డేమీ లేదు. చూడాల్సింది నీళ్ళు చేరే చోటు. సీటు గొట్టంలోంచి దిగిన నీరు కింద పెడళ్ళ ఇరుసు ఉండే బీబీ గొట్టంలో నిలుస్తుంది. సైకిలును తలకిందులు చేసి ఆ గొట్టం అడుగునా, వెనక చక్రం వైపు వెళ్ళే రెండు సన్న గొట్టాల మొదట్లోనూ స్క్రూడ్రైవరు కొనతో గట్టిగా గుచ్చండి. పెచ్చు రాలి కింద గట్టి ఇనుము తగిలితే ఫరవాలేదు. కొన లోపలికి దిగబడితే మాత్రం ఆ ఫ్రేము మీద పైసా పెట్టొద్దు. ముందు ఫోర్కు మెడ దగ్గర కూడా అలాగే చూడండి, అక్కడ విరిగితే మూతి పగులుతుంది.

విడి భాగాలకు దిగులు అక్కర్లేదు. అట్లాస్ సైకిళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే. అయినా అట్లాస్, హీరో, హెర్క్యులస్ నల్ల సైకిళ్ళ భాగాలు చాలావరకు ఒకే కొలత, ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. ఒక్క టైరు దగ్గరే జాగ్రత్త. మీది 28×1½, అంటే రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఆన్‌లైన్లో 28 అని పెట్టి అమ్మే 700 సి టైరుకు అది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా, ఎంత లాగినా ఎక్కదు. పాత టైరు పక్కన అచ్చు చదివి అదే అంకె అడగండి. ఐదేళ్ళు కదలని టైరు పక్కలు వేలితో వంచితే పగుళ్ళు విచ్చుకుంటాయి. గాలి నిలుస్తోందని మురిసిపోకుండా రెండూ మార్చేయండి.

ఇక అసలు పని. మన షాపుల్లో దీన్ని ఓవరాయిలింగ్ అంటారు. ఆ పేరు వినే చాలామంది నూనె పోస్తే చాలనుకుంటారు. నూనె కాదు, ఇరుసుల చుట్టూ తిరిగే ఇనప గుండ్లు, అంటే బాల్సు మార్చి గ్రీజు పెట్టడమే ఇందులో ముఖ్యం. ముందు చక్రం హబ్బులో, అంటే ఇరుసు ఉండే నడిమి గొట్టంలో, 3/16 అంగుళం బాల్సు పక్కకు పది, వెనక హబ్బులో 1/4 అంగుళంవి పక్కకు తొమ్మిది, బీబీలో 1/4వే పక్కకు పదకొండు. మొత్తం అరవై. పాత వాటిలో నాలుగు బాగున్నాయని కలిపి వేయనివ్వొద్దు. అరిగిన బాలుకూ కొత్త బాలుకూ ఉండే వెంట్రుకవాసి తేడాతో బరువంతా కొత్తవాటి మీదే పడి కోను, అంటే ఇరుసు మీద బాల్సు ఆనుకుని తిరిగే ముక్క, గుంటలు పడుతుంది. కోను నడిచే దారి మీద గోటితో గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే కోను కూడా మార్చాల్సిందే.

కోను బిగింపు ఎలా ఉందో షాపులోనే తేల్చుకోవచ్చు. చక్రాన్ని నేల నుంచి ఎత్తి మెల్లగా తిప్పి వదలండి. వాల్వు ఉన్న చోటు బరువు కాబట్టి అది కిందికి వచ్చి, ఉయ్యాలలా అటూ ఇటూ రెండుసార్లు ఊగి ఆగాలి. ఊగకుండా ఠక్కున ఆగితే కోను బిగువెక్కువ. రిమ్ము పట్టి పక్కలకు కదిపితే టకటకమంటే వదులు. కోను కదలకుండా దాని పైన వేసే లాక్‌నట్టు బిగించేటప్పుడు కోను కాస్త తిరిగి బిగువెక్కుతుంది. అందుకే లాక్‌నట్టు వేశాక మళ్ళీ ఓసారి ఊపి చూడండి.

ఇంట్లోనే విప్పుదామనుకుంటే పాత పేపరు పరిచి, బాల్సు లెక్కపెట్టుకుంటూ విప్పండి. ఎడమ పెడలుకు ఎదురు మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. బీబీలో బాల్సు కూర్చునే కుడి పక్క కప్పుకూ ఎదురు మరే, దాన్ని కదపకుండా ఎడమ కప్పు విప్పి పని కానివ్వండి. మొరాయించేది కాటర్‌పిన్ను, అంటే పెడలు ఉండే క్రాంకును ఇరుసుకు బిగించే పిన్ను. రాత్రే కిరోసిను పట్టించి వదిలేయండి. పొద్దున నట్టును పూర్తిగా తీయకుండా మర కొనకు సమంగా ఉంచి, క్రాంకు కింద ఇనపగుండు ఆనించి ఒకే గట్టి దెబ్బ వేయండి. కింద ఆసరా లేకుండా పది చిన్న దెబ్బలు కొడితే పిన్ను వంగుతుంది, బీబీ బాల్సు దెబ్బతింటాయి. కొత్త పిన్నులు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి వచ్చేలా, అంటే ఎదురెదురుగా వేయాలి. లేకపోతే రెండు పెడళ్ళూ ఒకే గీత మీద ఉండవు, తొక్కుతుంటే కుంటినడకలా ఉంటుంది.

చైను సాగిందేమో తేల్చుకోవడానికి పూర్తి అడుగు పొడవు కొలవండి. పిన్ను నడిమి నుంచి ఇరవైనాలుగో లింకు పిన్ను నడిమికి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సాగి ఉంటే మార్చండి. కొత్త చైను రెండు కొసలనూ కలిపే క్లిప్పు మూసి ఉన్న కొస చైను నడిచే వైపుకు ఉండాలి. కొబ్బరినూనె వద్దు, జిగురై దుమ్ము పట్టుకుంటుంది. కాలిన ఇంజనాయిలులో ఇనపరజను ఉంటుంది, అదీ వద్దు. కుట్టుమిషను నూనె లింకుకో చుక్క వేసి, పైపైన గుడ్డతో తుడిచేస్తే చాలు. వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రం, అంటే ఫ్రీవీలుకు కిరోసినుతో కడిగి పల్చటి నూనే. గ్రీజు పెడితే లోపలి నాలుకలు అతుక్కుని పెడలు ఉత్తుత్తినే తిరిగిపోతుంది.

మన వైపు పంక్చరుకు సగం కారణం సర్కారు తుమ్మ. పెన్న గట్టు, కాలవ కట్టలు, ఖాళీ ప్లాట్లు ఎక్కడ చూసినా అదే. ముల్లు కొన టైరులో విరిగి ఉండిపోతుంది, పైకి కనపడదు. ప్యాచీ వేసిన మర్నాడే మళ్ళీ అదే చోట గాలి పోతోందంటే అదే. టైరు లోపలంతా ఓ పీచు గుడ్డ తిప్పండి, ముల్లున్న చోట పోగు తట్టుకుంటుంది. పాత ట్యూబును నిలువునా కోసి, టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పరిస్తే సైకిలు కాస్త బరువెక్కుతుంది గానీ పొట్టి ముళ్ళు లోపలికి దిగవు. ప్యాచీ వేసేటప్పుడు సొల్యూషను పల్చగా రాసి, వేలికి అంటనంత ఆరాకే అంటించాలి. తడి మీద అంటించింది ఎండాకాలంలో జారిపోతుంది. ముల్లేమీ లేకుండా రాత్రికి రాత్రే గాలి దిగితే ముందు వాల్వు మీద ఉమ్మి పెట్టి చూడండి. బుడగ వస్తే లోపలి సన్న రబ్బరు గొట్టం పోయినట్టు, చిన్న పని.

రాడ్ బ్రేకుల గురించి ఒక్క మాట. రబ్బర్లు కొత్తవి వేసినా, తడిసిన ఇనప రిమ్ము మీద అవి సగం కూడా పట్టవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో ఆగాల్సిన చోటుకు చాలా ముందే బ్రేకు పట్టి రిమ్మును తుడుచుకోవాలి.

గేర్ల మాటకొస్తే, మన నేల చదును. ఫ్లైఓవరు, పెన్న వంతెన తప్ప ఎక్కడా ఎత్తు లేదు. పెడళ్ళ దగ్గరి చైనువీలుకు 48, ఫ్రీవీలుకు 18 పళ్ళుంటే పెడలు ఒక చుట్టుకు సైకిలు దాదాపు 5.9 మీటర్లు పోతుంది. ఎదురుగాలిలో మోకాళ్ళకు అది బరువే. ఫ్రీవీలు 20 పళ్ళది వేయించుకుంటే 5.3 అవుతుంది. గేర్ల సైకిలు ధరలో చిన్న వంతుతో తేలికపడుతుంది, చైను మాత్రం ఒకటి రెండు లింకులు పొడుగు అడగాలి.

మైపాడు వెళ్ళొచ్చిన రోజు నీళ్ళ ప్రెషరుతో కడిగించొద్దు, ఇసుకా ఉప్పునీళ్ళూ హబ్బులోకే పోతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక చైనుకు నూనె. అయితే అంత దూరం పోయేముందు ఊళ్ళోనే ముప్పై కిలోమీటర్లు తొక్కండి. కొత్త కాటర్‌పిన్నులు అప్పటికి సర్దుకుని కాస్త వదులవుతాయి. మళ్ళీ ఓ దెబ్బ వేసి నట్టు బిగించుకున్నాకే మైపాడు.